లాకీషు బండి ఎక్కడికి పోవుచున్నది?

వాక్యభాగములు: 2 రాజులు 18:13-17, యెషయా 22:8-14, మీకా 1:8-16, మీకా 4:6-8



కొన్ని సంవత్సరముల క్రిందట మా కుమారుని కుటుంబమును చూచుటకై లండను నగరమునకు వెళ్లితిని. ఆ నగరమున బ్రిటిష్ మ్యూజియమను గొప్ప ప్రదర్శనశాల కలదు. అది 1753లో స్థాపింపబడినది. ఐగుప్తు, అష్షూరు, బబులోను, గ్రీసు, రోమా మొదలైన ప్రాచీన రాజ్యముల వస్తువులు అక్కడ గదులు గదులుగా అమర్చబడియున్నవి. మన కృష్ణాతీరమందలి అమరావతి స్తూపపు శిల్పములు సయితము 1880లో ఆ శాలకు చేరినవి. అంత దూరదేశమున మన సీమ రాతిని చూచినప్పుడు చుట్టము కనబడినట్లు సంతోషమును, ఇల్లు విడిచిన చుట్టమును చూచినట్లు విచారమును కలిగెను. అయితే ఈ నెల మీతో చెప్పదలచినది మరియొక గదిని గూర్చి.

మనుష్యుని ముఖము, ఎద్దు దేహము, పక్షి రెక్కలు గల పెద్ద రాతి విగ్రహములు ఆ ప్రక్కన నిలిచియున్నవి. వాటిని దాటి పోయినచో లాకీషు గది వచ్చును. మనిషి నెత్తికి మించిన ఎత్తున గోడల పొడవున రాతి పలకలు, ఆ పలకలనిండ చెక్కిన బొమ్మలు. అష్షూరు రాజైన సన్హెరీబు నీనెవెలోని తన నగరు గోడలకై వీటిని చెక్కించెను. యోనా ప్రవక్త వెళ్లిన నీనెవె అదే. బైబిలులో హిద్దెకెలు అనబడిన టైగ్రీసు నది యొడ్డున, నేటి ఇరాకు దేశపు మోసూలు పట్టణమునకు ఎదురుగా అది పాడుదిబ్బయై పడియుండెను. 1840ల దశకమున లేయార్డు అను ఆంగ్లేయుడు ఆ దిబ్బలను త్రవ్వించి ఈ నగరును వెలికి తీసెను.

నేను వెళ్లిన దినమున ఒక విద్వాంసురాలు ఆ రాళ్ల యెదుట నిలిచి చూడవచ్చినవారికి వాటి సంగతి వివరించుచుండెను. బడిపిల్లలు నేలమీద కూర్చుండి వినుచుండిరి. నేనును వెనుక నిలుచుంటిని. ఆమె వ్రేలు చూపిన వరుసనే మీరును మనస్సున చూడుడి.

మొదట యుద్ధము. కొండమీద కోట. కోటగోడకు మన్నును రాళ్లును పోసి అష్షూరీయులు ఏటవాలు దారి కట్టిరి. ఆ దారిమీదుగా గోడను పొడుచు యంత్రములను నెట్టుచున్నారు. పైనుండి లాకీషువారు మండుచున్న దివిటీలు విసరుచున్నారు. యంత్రము అంటుకొనకుండ ఒక సైనికుడు పొడుగు గరిటెతో దానిమీద నీళ్లు పోయుచున్నాడు. ఆ వెనుక విలుకాండ్రు, వడిసెలవారు.

అటుపిమ్మట ఓటమి. కోట ద్వారమునుండి జనులు మూటలతో వెలుపలికి వచ్చుచున్నారు. గోడవెలుపల ముగ్గురు మనుష్యులు వస్త్రహీనులై కొయ్యలమీద గ్రుచ్చబడియున్నారు. చివరకు ఎత్తైన సింహాసనముమీద సన్హెరీబు కూర్చుండియున్నాడు. సర్వలోకమునకు రాజైన సన్హెరీబు సింహాసనాసీనుడై యుండగా లాకీషు దోపుడుసొమ్ము అతని యెదుట సాగిపోయెనని దగ్గరనే అష్షూరు లిపిలో చెక్కబడియున్నది.

ఆ రాజు ముఖము మాత్రము నేడు కనబడదు. ఎవరో దానిని కావలెనని చెక్కివేసిరి. క్రీస్తుపూర్వము 612లో శత్రువులు నీనెవెను పట్టుకొనినప్పుడు అది జరిగియుండునని ఆమె చెప్పెను. సర్వలోకమునకు రాజుననుకొనినవానికి ముఖము లేదు. అతడు దోపుడుసొమ్ముగా చెక్కించిన బీదల ముఖములు నేటికిని ఉన్నవి.

ఆ బీదలలో ఒక కుటుంబమును నేను మరువలేను. రెండెద్దుల బండి. ఎద్దుల ప్రక్కటెముకలు లెక్కపెట్టవచ్చును, అంత బక్కచిక్కియున్నవి. బండిమీద మూటలు, మూటలమీద స్త్రీలును చిన్నపిల్లలును. వారి వెనుక తలమీదుగా పొడుగు ముసుగు వేసికొనిన స్త్రీలు కాలినడకన పోవుచున్నారు, వారి పాదములకు చెప్పులు లేవు. ప్రియులారా, మన పల్లెలలో బండి యెరుగనివారు లేరు. మూటలమీద కూర్చుండి ఊరు విడిచిన కుటుంబములను మనము చూచియున్నాము. రెండువేల ఏడువందల యేండ్ల క్రిందటి ఆ రాయి నాకు పరాయిదిగా తోచలేదు.

అప్పుడు నేలమీద కూర్చున్న పిల్ల యొకతె చెయ్యి యెత్తి, ఈ బండి ఎక్కడికి పోవుచున్నదని అడిగెను. అష్షూరు రాజు తాను గెలిచిన జనులను దూరదేశములకు తరలించి పనులు చేయించుకొనుచుండెననియు, వీరినిగూడ అట్లే కొనిపోయిరనియు, అటుతరువాత ఈ కుటుంబము ఏమాయెనో వ్రాత ఏదియు లేదనియు ఆ విద్వాంసురాలు మృదువుగా చెప్పెను. ఆ పిల్ల ప్రశ్న నాతోకూడ ఇంటికి వచ్చెను.

ఈ బొమ్మలు వట్టి కల్పన కావు. లాకీషు యెరూషలేమునకు నైరృతి దిక్కున దాదాపు 40 కిలోమీటర్ల దూరమున నుండెడిది. ఆ దిబ్బను 1932 నుండి స్టార్కీ అను ఆంగ్లేయుడును, 1973 నుండి ఉస్సిష్కిన్ అను ఇశ్రాయేలు దేశపు విద్వాంసుడును త్రవ్వించిరి. గోడకు పోసిన ఆ ఏటవాలు దారి నేటికిని అక్కడ కనబడుచున్నది. వందలకొలది బాణపు ములుకులును, వడిసెల రాళ్లును, కాలిన యిండ్ల బూడిదయు బయటపడెను. ఒక గుహలో వెయ్యిమందికి పైగా మనుష్యుల యెముకలు కుప్పగా దొరికెను. అవి ఆ ముట్టడిలో చచ్చినవారివని స్టార్కీ తలంచెను.

అదే మ్యూజియమునకు చెందిన మరియొక వస్తువు టేలర్ పట్టకము. అది ఆరు పలకలుగల కాల్చిన మట్టి స్తంభము, మూరెడు ఎత్తుకూడ లేదు. 1830లో నీనెవెలో దొరికి, 1855లో మ్యూజియమునకు చేరెను. దానిమీద సన్హెరీబు తన దండయాత్రలను వ్రాయించెను. యూదా రాజైన హిజ్కియాకు చెందిన 46 ప్రాకారపట్టణములను, వాటి చుట్టునున్న లెక్కలేని పల్లెలను పట్టుకొంటిననియు, 2,00,150 మందిని వెలుపలికి తెచ్చితిననియు, హిజ్కియాను పంజరములోని పక్షివలె యెరూషలేములో మూసివేసితిననియు చెప్పుకొనెను. గుఱ్ఱములు, గాడిదలు, ఒంటెలు, పశువులు, గొఱ్ఱెలు, మనుష్యులు అందరును ఒక్క పద్దులోనే. హిజ్కియా చెల్లించిన బంగారము 30 తలాంతులని ఆ పట్టకము చెప్పుచున్నది, 2 రాజులు 18:14 హెబ్రీ మూలమందును అంతే యున్నది. వెండి లెక్క మాత్రము కలియదు. అతడు 800 అనెను, లేఖనము 300 అనెను. యెరూషలేమును పట్టుకొంటినని మాత్రము ఆ డంబపు రాజు ఎక్కడను వ్రాయలేదు. పట్టుకొనలేకపోయెను గనుక వ్రాయలేదు.

ఇది చూచి మన విశ్వాసము బలపడును, సందేహము లేదు. అయితే మన విశ్వాసము మ్యూజియపు రాళ్లమీద కట్టబడినది కాదు. రాయి దొరకకముందే మన తాతలు నమ్మిరి. నేను ఈ సంగతులు చెప్పుట వేరొక కారణముచేత. ఆ గదిలో నిలిచియుండగా నేను అనేక పర్యాయములు ప్రసంగించిన ఒక వాక్యభాగము నన్నే గద్దించెను.

సన్హెరీబు దండు యెరూషలేమును చుట్టుకొనగా హిజ్కియా బెదిరింపు పత్రికను యెహోవా సన్నిధిని పరచి ప్రార్థించిన సంగతి మీరు ఎరుగుదురు. యెషయా ధైర్యవాక్యము పలికెను. ఒక్క రాత్రి యెహోవా దూత అష్షూరు దండుపేటలో లక్ష యెనుబది యయిదు వేలమందిని హతము చేసెను. సన్హెరీబు తిరిగిపోయెను, తుదకు తన కుమారుల చేతనే చంపబడెను. ఈ భాగముమీద ప్రసంగించిన ప్రతిమారు నేను యెరూషలేము గోడలోపలనే నిలిచి ప్రసంగించితిని. ఆ అధ్యాయములోనే లాకీషు పేరు ఉన్నది. హిజ్కియా తన దూతలను లాకీషునకే పంపెను, రబ్షాకే లాకీషునుండియే వచ్చెను. ఆ పేరు నోటితో చదివి దాటిపోతిని. అక్కడ ఒక ఊరు కాలినదనియు, బండి ఒకటి కదలినదనియు తలంచలేదు. లాకీషులో ప్రార్థించు తల్లులు లేరా? ఆ 46 పట్టణములలో, పేరైనను వ్రాయబడని ఆ పల్లెలలో, దేవునికి మొఱ్ఱపెట్టినవారు ఒక్కరును లేరా?

ఈ ప్రశ్న నాకు పాతదే. దాచక మీకు చెప్పెదను.

1977 నవంబరు 19న దివిసీమమీద ఉప్పెన విరుచుకొనిపడెను. వేలాదిమంది ఒక్క రాత్రి సముద్రము పాలైరి. నేనప్పుడు యౌవనుడను, క్రొత్తగా పరిచర్యలో ప్రవేశించితిని. ఆ మరుసటి సంవత్సరారంభమున ఒక పల్లె సంఘములో కృతజ్ఞతా కూటము నడిపించుచుంటిని. ఒక సహోదరుడు లేచి సాక్ష్యమిచ్చెను. ఆ రాత్రి కుటుంబమంతయు మోకరించి ప్రార్థించితిమనియు, దేవుడు తమ ప్రార్థన విని యిల్లును పిల్లలను కాపాడెననియు, ప్రార్థించువారిని ఆయన ఎన్నడును విడువడనియు చెప్పెను. నేను పెద్దగా ఆమేన్ అని కీర్తన ఎత్తించితిని. స్త్రీల వరుసలో చివర కూర్చున్న ఒక తల్లి మెల్లగా లేచి వెలుపలికి పోయెను. ఆ ఉప్పెనలో ఆమె బిడ్డలిద్దరు పోయిరి.

మరునాడు ఆమె యింటికి వెళ్లితిని. ఆమె కోపపడలేదు. వాకిట నిలిచి, "అయ్యగారూ, మేమూ ప్రార్థన చేశాము గదండీ," అని మాత్రము అనెను. నాకు జవాబు తోచలేదు. తోచక ఒక వాక్యము చదివి, ఒక ప్రార్థన చేసి, త్వరగా వచ్చివేసితిని. ఆమె చాల నెలలు గుడికి రాలేదు.

ఆ సహోదరుని సాక్ష్యము అబద్ధమా? కాదు. దేవుడు అతని యింటిని కాపాడెను, స్తుతించుట అతనికి తగినదే. అయితే కాపాడబడినవారు తప్పక నేర్చుకొనవలసిన మూడు సంగతులను లేఖనము చెప్పుచున్నది. నాకు అవి చాల ఆలస్యముగా తెలిసెను.

మొదటిది: మనము మంచివారము గనుక కాపాడబడలేదు. యెరూషలేము లాకీషుకంటె నీతిగల పట్టణము కాదు. యెషయా మొదటి అధ్యాయములోనే ఆ పట్టణపు అధికారులను సొదొమవారితో పోల్చెను. తన నిమిత్తమును తన సేవకుడైన దావీదు నిమిత్తమును ఆ పట్టణమును కాపాడెదనని దేవుడు చెప్పెను, వారి యోగ్యత మాట ఎత్తనేలేదు (2 రాజులు 19:34). హిజ్కియా ఆ దినములలో దాదాపు 533 మీటర్ల పొడవున కొండను తొలిపించి సిలోయము కోనేటికి నీళ్లు తెప్పించెను. ఆ సిలోయములోనే ఎన్నో తరముల తరువాత గోపురము కూలి పదునెనిమిదిమంది చచ్చిరి. వారు తక్కినవారికంటె ఎక్కువ పాపులా అని ప్రభువు తానే అడిగి, కాదని తానే జవాబు చెప్పెను (లూకా 13:4-5). ఆ జవాబును మనము మార్చకూడదు. చచ్చినవారి లెక్క చూడవద్దని, బ్రదికినవారు తమ లెక్క చూచుకొని మారుమనస్సు పొందవలెనని ఆయన చెప్పెను.

రెండవది: కాపాడబడినవారికి ఒక ప్రత్యేకమైన పాపము పొంచియున్నది. యెషయా 22వ అధ్యాయము చదువుడి. అది ఈ ముట్టడి కాలమునకే చెందినదని పండితులు అనేకులు తలంచుదురు. కోనేటి నీళ్లు సమకూర్చుకొనిన పట్టణము అందులో కనబడుచున్నది. ఏడ్చుటకును గోనెపట్ట కట్టుకొనుటకును దేవుడు పిలిచిన దినమున ఆ పట్టణము ఎద్దులను గొఱ్ఱెలను కోసి, మాంసము తిని, ద్రాక్షారసము త్రాగి సంతోషించెను. ఒక దినపు ప్రయాణమంత దూరమున తమ సహోదరుల బండ్లు చెరకు సాగిపోవుచుండగా వీరు విందు చేసికొనిరి. ఈ దోషము మీరు మరణమగువరకు పరిహారము కాదన్నంత కఠినముగా ప్రవక్త వారితో మాటలాడెను. ఆ విడుదలనుబట్టి యెరూషలేము గర్వించెను. ఈ పట్టణము ఎన్నడును పడదని ధైర్యము తెచ్చుకొనెను. క్రీస్తుపూర్వము 701లో తప్పించుకొనిన ఆ పట్టణము 586లో బబులోనుచేత కాలిపోయెను. లాకీషునకై ఏడ్వనివారు తమకొరకు ఏడ్వవలసిన దినము వచ్చెను.

మూడవది: దేవుడు లాకీషునకుగూడ ఒక ప్రవక్తను ఉంచెను. ఆయన మీకా. యెషయా రాజధానిలో రాజులయెదుట మాటలాడుచుండగా, మీకా లాకీషునకు సమీపమైన మోరెషెతు అను చిన్న ఊరివాడు, మనవంటి పల్లెటూరివాడు. లాకీషు పాపమును ఆయన దాచలేదు, పేరు పెట్టి గద్దించెను. యెరూషలేమునుగూడ అట్లే గద్దించెను. అయితే గద్దించి ఊరకుండలేదు. చెప్పులు లేక, పైబట్ట లేక నక్కలవలె అరచుచు ఏడ్చెదనని చెప్పెను (మీకా 1:8). ఆ రాతిమీది స్త్రీలు చెప్పులు లేక నడచిరి, ప్రవక్తయు చెప్పులు విడిచెను. చెరకు పోయిన ముద్దుబిడ్డల నిమిత్తము తల గొరిగించుకొనుమని తల్లితో చెప్పెను (1:16). ఊరూరి పేరు వరుసగా చెప్పి ఏడ్చెను. సన్హెరీబు లెక్కలేని పల్లెలని వ్రాయించి విడిచిన ఊళ్లలో కొన్నింటి పేళ్లను దేవుని ప్రవక్త తన కన్నీటితో వ్రాసిపెట్టెను.

యెషయా స్తోత్రమును మీకా విలాపమును ఒక్క బైబిలులోనే బంధింపబడియున్నవి. ఒకదానిని చింపి రెండవదానిని ఉంచుకొను హక్కు మనకు లేదు.

ప్రియులారా, మన ప్రభువు ఎక్కడ నిలిచెను? ఆయన యెరూషలేము గోడలోపల క్షేమముగా ఉండలేదు. గవిని వెలుపల శ్రమపొందెను (హెబ్రీ 13:12). వస్త్రములు తీసివేయబడి, పట్టణము వెలుపల మ్రానుమీద వ్రేలాడెను. ఇతరులను రక్షించిన ఈయన తన్ను తాను రక్షించుకొనలేడని చూచువారు అపహసించిరి. లాకీషు గోడవెలుపల కొయ్యలమీద ఉన్న ఆ ముగ్గురిని నేను చూచినప్పుడు కల్వరిమీది మూడు సిలువలు నా కన్నులకు కట్టినవి. రక్షింపబడనివారి స్థలమున మన రక్షకుడు నిలిచెను. ఆయన కూడ గెత్సేమనేలో ప్రార్థించెను, ఆ గిన్నె తొలగలేదు. మేమూ ప్రార్థన చేశాము గదండీ అను తల్లి ప్రక్కన కూర్చుండుటకు హక్కుగలవాడు ఆయనే. మూడవ దినమున తండ్రి ఆయనను లేపెను గనుక కాలిన లాకీషుకైనను, మునిగిన పల్లెకైనను అదియే కడపటి మాట కాదు.

ఆ తల్లి సంగతి ముగించెదను. ఆమెను తిరిగి గుడికి తెచ్చినది నా ప్రసంగము కాదు. ఆ ఊరి బైబిలు స్త్రీ, ముసలి విధవరాలు, వారమునకు రెండు మూడు దినములు ఆమె యింటికి పోయి అరుగుమీద కూర్చుండెడిది. ఆమెతోకూడ బియ్యములో రాళ్లు ఏరెడిది. బిడ్డల పేళ్లు పలికి వారి ముచ్చట్లు అడిగెడిది. ఏడ్చినప్పుడు కూడ ఏడ్చెడిది. అంతకుమించి ఏమియు బోధింపలేదు. ఆ యేడు కోతపండుగనాడు ఇద్దరును చేతులు పట్టుకొని గుడిలోనికి వచ్చిరి. మీకా ప్రవక్త వ్రాసినదానిని ఆ ముసలితల్లి నాకంటె బాగుగా చదివియుండెను.

కాబట్టి సంఘమా, మీ స్తోత్రమును మానవద్దు. వర్షము కురిసి మీ పంట చేతికి వచ్చినయెడల స్తుతించుడి. రోగము కుదిరినయెడల సాక్ష్యమిచ్చుడి. అయితే లేచి నిలుచుటకు ముందు చివరి వరుసవైపు ఒకమారు చూడుడి. అదే జ్వరముతో బిడ్డను పోగొట్టుకొనినవారు అక్కడ ఉన్నారేమో. అప్పులపాలై భూమి విడిచి పట్టణమునకు కూలికి పోవు కుటుంబము రేపటి బండికై మూటలు కట్టుకొనుచున్నదేమో. దేవుడు నన్ను కాపాడెను, ఎందుకో నేనెరుగను, నా సహోదరునికి నన్ను ఆసరాగా ఉంచుటకే కాబోలు అని చెప్పుడి. కూటము ముగియగానే ఇంటికి పోక వారి అరుగువరకు నడువుడి. పెద్దలారా, ప్రార్థనల పట్టికలో కుదిరినవారి పేళ్లు కొట్టివేయునప్పుడు కుదరనివారి పేళ్లు మరల వ్రాయుడి.

ఆ బడిపిల్ల ప్రశ్నకు మ్యూజియములో జవాబు లేదు. ఆ గదిలో బండి నేటికిని రాతిలో నిలిచియున్నది. అయితే ఆ బండిని ఎరిగిన పల్లెటూరి ప్రవక్త తన గ్రంథము నాలుగవ అధ్యాయమున జవాబు వ్రాసెను. కుంటివారిని పోగుచేసెదననియు, దూరమునకు తరిమివేయబడినవారిని సమకూర్చెదననియు, వారిని శేషముగా నిలిపి తానే వారికి రాజుగా నుండెదననియు దేవుడు చెప్పుచున్నాడు (మీకా 4:6-7). సన్హెరీబు ఆ బండిని తన సింహాసనమువైపు నడిపించితిననుకొనెను. ఆ సింహాసనము మట్టిలో కలిసెను, ఆ ముఖము చెరిగిపోయెను. తరిమివేయబడినవారిని సమకూర్చు రాజు నేటికిని సజీవుడై యున్నాడు. ఆ బండి ఆయనయొద్దకు చేరును.

ప్రార్థింతము: కాపాడబడిన మమ్మును గర్వమునుండి తప్పించుము, ప్రభువా. కాపాడబడనివారని లోకము ఎంచినవారి ప్రక్కన నీవు నిలిచినట్లు మమ్మును నిలుపుము. మా సంఘములోని ప్రతి లాకీషునకు ఒక మీకాను దయచేయుము. సిలువవేయబడి లేచిన నీ కుమారుని నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.